కొండమీది సత్రము



వేసవి ముదిరినకొలది మా మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల జనులకు కొండలు జ్ఞప్తికి వచ్చును. పలకరాతి గనులున్న ఆ నేల పగలెల్ల కాగి, రాత్రియంతయు ఆ వేడిని వెడలగ్రక్కుచుండును. బావులు అడుగంటును. ఊరిలో నుండుట దుర్భరమగును. కలిగినవారు ఉదకమండలమునకో కొడైకెనాలునకో పోవుదురు. అంతదూరము పోజాలనివారు మదనపల్లె చేరువనున్న హార్స్లీ కొండకు పోవుదురు. దాని అసలుపేరు ఏనుగు మల్లమ్మకొండ. 19వ శతాబ్దమున కడపజిల్లా కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర ఆ కొండ చల్లదనమునకు మెచ్చి అచ్చట బంగళా కట్టించుకొనెను. మల్లమ్మ మరుగుపడి దొరపేరు నిలిచెను.

దొరలు వచ్చి బంగళాలు కట్టినపిదపనే మనకు కొండమీది విడిది యన నేమో తెలిసినదని పలువురి యభిప్రాయము. ఇది సరికాదు. తెలుగువారు అంతకు అనేకశతాబ్దములకు ముందే కొండలమీద విడుదులు కట్టిరి. తమకొరకు గాక, వచ్చువారికొరకు కట్టిరి. వానికే సత్రములని పేరు. నల్లమలలోని అట్టి విడిదియొకదానిలో నేను గడపిన వేసవిదినములను గూర్చియు, అచ్చట నాకు తోచిన ఒక ప్రశ్నను గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మొదట ఈ మాటను విచారింతము. పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా శబ్దములతో కాలము గడపినవాడనగుటచే నాకిది విడువరాని యలవాటు. సంస్కృతమున సత్త్రమనగా పండ్రెండు దినములకు తక్కువగాని సోమయాగము. తక్కిన యాగములలో యజమాను డొకడు, ఋత్విక్కులు వేరు. యజమానుడు దక్షిణ యిచ్చును, ఋత్విక్కులు పుచ్చుకొందురు. సత్త్రమున నట్లు కాదు. అందు పాల్గొన్నవారందరును యజమానులే. కావున దక్షిణ యిచ్చువాడు లేడు, పుచ్చుకొనువాడును లేడు. ఈ శబ్దమే క్రమముగా బాటసారులకు అన్నము పెట్టు ఇంటికి పేరయ్యెను. ఎంత యుచితమైన పేరో చూడుడు! పెట్టువాడు ఎక్కువ, తినువాడు తక్కువ యను భావము ఆ మాటలోనే లేదు.

దీనికి తోడు మనకు పూటకూటియిల్లు కలదు. ఓరుగంటిలోని పూటకూళ్ళయింటి ప్రస్తావము క్రీడాభిరామమున వచ్చును. రూక యిచ్చినవానికి కడుపునిండ భోజనము దొరకుచుండెను. ఆంగ్లదేశమున నేడు పల్లెలలోను కొండలలోను గృహస్థులు తమ యింటిలో ఒక గదిని అద్దెకిచ్చి, ఉదయమున ఫలాహారము పెట్టి పంపు పద్ధతి కలదు. దానిని పడక, ఫలాహారము అను రెండుమాటలతోనే పిలుతురు. మన పూటకూళ్ళమ్మకు ఇది క్రొత్త విద్య కాదు. సత్రమునకును పూటకూటియింటికిని భేద మొక్కటియే. సత్రమున సొమ్ము పుచ్చుకొనరు, పూటకూటియింట పుచ్చుకొందురు. పూటకూళ్ళమ్మ అడుగవలసినది రూక. సత్రాధికారి అడుగవలసినది ఆకలి. ఈ రెండును గాక మూడవ ప్రశ్న యొకటి మనదేశమున పుట్టినది. దానిని మీదట చెప్పెదను.

గతవేసవిని వైశాఖమాసమున నేను పదునాలుగు దినములు శ్రీశైలమున నుంటిని. మాకు శ్రీశైలము దూరము గాదు. మార్కాపురమునుండి దోర్నాల మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. దోర్నాల దాటినది మొదలు అడవి. అది పులుల సంరక్షణకు ప్రత్యేకింపబడిన ప్రదేశ మగుటచే రాత్రులందు వాహనములను పోనీయరు. గవను మూయకమున్నే దాటవలయును. ఎండకాలమున టేకుచెట్లు ఆకులు రాల్చి అస్థిపంజరములవలె నిలిచియుండును. వెదురుపొదలు ఎండి గాలికి కిఱ్ఱుమనుచుండును. తునికిపండ్లు రాలియుండును. కొండముచ్చులు దారి ప్రక్కను కూర్చుండి, వచ్చిపోవువారిని పరీక్షాధికారులవలె చూచుచుండును.

శ్రీశైలమును ఉదకమండలముతో పోల్చరాదు. ఉదకమండలము 7,000 అడుగులకు మించిన యెత్తున నున్నది. శ్రీశైలము సుమారు 1,500 అడుగులు మాత్రమే. నల్లమలలోనే కంభమునకు వాయవ్యమున నున్న భైరానికొండ, గుండ్లబ్రహ్మేశ్వరము అంతకు రెండింతలకు పైగా ఎత్తైనవి. అయినను సాయంకాలము కృష్ణలోయ నుండి వీచుగాలి మా యూరిగాలి వంటిది గాదు. తెల్లవారుజామున దుప్పటి కప్పుకొనవలసి వచ్చును. మార్కాపురమున వైశాఖమున దుప్పటి కప్పుకొంటినన్నచో నన్ను వైద్యునియొద్దకు కొనిపోవుదురు.

నేను దిగిన సత్రము మా కులమువారు నిర్మించినదే. పాతభాగమునకు రాతిగోడలు, నాపరాళ్ళ నేల, ఎత్తైన అరుగు. గదిలో ఇనుపమంచము, నీళ్ళకుండ, గోడకు రెండు కొయ్యలు. ఇంతకన్న ఏమి కావలయును? ఉదయమున గంట వినబడగానే అందరమును బారులుగా కూర్చుంటిమి. ఉప్మాయు అల్లపుపచ్చడియు వడ్డించిరి. పిదప కాఫీ. నా ప్రక్కను ఒకదినము బందరు ప్లీడరొకరు, మరునాడు అనంతపురపు రైతొకరు, మూడవనాడు హైదరాబాదున యంత్రశాలలో పనిచేయు యువకుడొకడు కూర్చుండిరి. వడ్డనకు చేతులు చాలనపుడు తిన్నవారే లేచి ఇతరులకు వడ్డించుచుండిరి. అది చూచినప్పుడు నాకు సత్త్రశబ్దము యొక్క ప్రాచీనార్థము కన్నులకు కట్టినట్లయ్యెను.

పగలు ఎండవేళ గదిలో చదువుకొనుచు, సాయంకాలము పూర్వపు యాత్రికులు నడచిన దారులను చూచి వచ్చుచుంటిని. మోటారుబాట పడకమునుపు శ్రీశైలయాత్ర కాలినడకనే జరిగెడిది. ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా వచ్చువారు కైలాసద్వారము చేరుసరికి మోకాళ్ళు పట్టుదప్పెడివి. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి ఈ క్షేత్రమునకు మెట్లు కట్టించెను. 16వ శతాబ్దారంభమున శ్రీకృష్ణదేవరాయలు రథవీథి ప్రక్కను మండపములు నిర్మింపజేసెను. ఘంటామఠము, భీమశంకరమఠము, విభూతిమఠము, రుద్రాక్షమఠము, సారంగధరమఠము అను అయిదు మఠముల కట్టడములు నేటికిని నిలిచియున్నవి. దారిపొడవునను యాత్రికులకు తోడుపడినవారు చెంచులు. అడవి వారి ఇల్లు. మనము వారికి అతిథులము. మల్లికార్జునుని చెంచుమల్లయ్య యని, తమ యింటి యల్లుడని వారు చెప్పుకొందురు.

ఈ కొండకు ఎవరెవరు వచ్చిరో తలచుకొనుడు. 12వ శతాబ్దమున కన్నడదేశము నుండి అక్కమహాదేవి ఒంటరిగా వచ్చెను. 1677లో ఛత్రపతి శివాజీ దక్షిణదిగ్విజయమున నుండగా వచ్చి కొన్నిదినములు నిలిచెను. సర్వమును త్యజించినది యొకతె, రాజ్యము స్థాపించినవాడొకడు. కొండ యిద్దరికిని చోటిచ్చినది.

ఇక నేను చెప్పదలచిన ప్రశ్న. నేను వచ్చిన ఎనిమిదవనాడు సోమవారము. యాత్రికులు కిక్కిరిసియుండిరి. దేవస్థానపు వసతిగృహములు నిండిపోయినవి. అపరాహ్ణమున మూడుగంటలవేళ ఒక వృద్ధుడు, అతని భార్య, పదేండ్ల మనుమరాలు మా సత్రపు వాకిటికి వచ్చిరి. ముసలమ్మ అరుగుమీద చేయి మోపి నిలువజాలక కూర్చుండెను. వృద్ధుడు గుమాస్తాతో ననెను:

“అయ్యా, ముసలిదానికి ఎండదెబ్బ తగిలినట్టుంది. రాత్రికి ఇంత చోటియ్యండి. తెల్లారి దర్శనం చేసుకొని పోతాం.”

“మీరెవరు పెద్దాయనా?”

“కనిగిరి కాడ నుంచి వచ్చినాం అయ్యా.”

“ఊరు కాదు. మీరెవరని.”

ఆ ప్రశ్న రెండవమారు వినగానే వృద్ధుడు మాటాడక తల వంచుకొనెను. ఆ ప్రశ్న అర్థమగుటకు చదువక్కరలేదు. మనుమరాలు మాత్రము తాత ఏల సమాధానము చెప్పడో తెలియక అతని మొగమును, గుమాస్తా మొగమును మార్చి మార్చి చూచుచుండెను. బడిలో చిన్నపిల్లలు తమకు తెలియని లెక్కను నల్లబల్లమీద చూచునట్లు చూచినది. ఆ చూపు నాకు నేటికిని మరపునకు రాలేదు.

నేను లోనికిపోయి సత్రపు మేనేజరుతో మాటాడితిని. ఆయన నా వయసువాడే, సాత్త్వికుడు. “అయ్యవారూ, మీరు చెప్పేది నాకు తెలియదా? ఈ గదులు కట్టించినవాళ్ళు మనవాళ్ళ కోసమని రాసి ఇచ్చారు. పైన మూడు గదులు ఖాళీగానే ఉన్నాయి. ఆ మాట దాటి ఇస్తే రేపు కమిటీవాళ్ళకు నేనేం చెప్పాలి?” అని యనెను.

ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. ఈ కులసత్రములు ద్వేషముచే పుట్టినవి కావు. ఒకరి చేతి యన్నము మరియొకరు తిననికాలమున యాత్రికుడు బియ్యపు మూట భుజముమీద వేసికొని, మూడురాళ్ళు పెట్టి తానే వండుకొనవలసి వచ్చెడిది. వాననాడు పొయ్యి యంటుకొనక పసిబిడ్డలతో పస్తుండెడివారు. అట్టి స్థితిని చూచి ఒక్కొక్క కులమువారు తమ తమ వారియొద్ద కాసు కాసు కూర్చి ఇండ్లు కట్టించిరి. గోడలలో పొదిగిన శిలాఫలకములలో వేయిరూపాయలిచ్చిన ధనికుని పేరు ప్రక్కనే పదిరూపాయలిచ్చిన విధవరాలి పేరున్నది. వారు లేకున్న ఎందరో వీథులలో పండుకొనియుందురు. వారిని నిందించుట కృతఘ్నత. కాని వారు కట్టినది ఒక కష్టమును తీర్చుటకు. ఆ కష్టము రూపుమాపిపోయినను, దానికై వేసిన గడియ మాత్రము తలుపునకు మిగిలియున్నది. ఇదియే విచారింపవలసిన విషయము.

శాస్త్రమేమనుచున్నదో చూతము. మనువు లెక్కలో ఒక్కరాత్రి మాత్రము నిలుచువాడు అతిథి. ఆతని నిలుకడ అనిత్యము గనుకనే ఆ పేరు. పరాశరస్మృతి ఇంకను ముందునకు పోయినది. వచ్చిన అతిథిని గోత్రమడుగరాదు, చదువడుగరాదు, అతనిని దేవునిగా భావింపవలయునని విధించినది. ‘మీరెవర’ని అడుగుట సంప్రదాయమని తలచువారు ఈ విధిని చూడవలయును. అడుగకుండుటయే సంప్రదాయము.

శాసనము చూతము. గుంటూరుజిల్లాలో మందడమునకు చేరువనున్న మల్కాపురమున 1261 నాటి శాసనము కలదు. కాకతీయ రుద్రమదేవి తన గురువగు విశ్వేశ్వరశివాచార్యునకు చేసిన దానమును అది తెలుపును. గోళకీమఠమునకు చెందిన ఆ యాచార్యుడు ఆ యాదాయముతో దేవాలయమును, మఠమును, వేదాధ్యయనమునకు విద్యాలయమును, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను ఏర్పరచెను. వానితోపాటు అన్నసత్రమును నెలకొల్పి, బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు ఎవరు వచ్చినను అన్నము పెట్టవలయునని శాసించెను. ఆ గోళకీమఠ పరంపర మా సీమకు దూరమైనది గాదు. శ్రీశైలమునకు తూర్పుద్వారమైన త్రిపురాంతకమునను ఆ మఠమువారి శాసనములు గలవు. ఏడువందల యేండ్లకు పూర్వము వ్రాసిన మాటను నేడు మనము మితిమీరిన సంస్కరణమని తలచుట వింతగాదా?

కట్టకడపటికి దేవుని చూతము. శ్రీశైలమున భక్తులు కులభేదము లేక గర్భాలయమున లింగమును స్వహస్తముతో తాకు ఆచారము చిరకాలముగా నున్నది. దేవస్థానపు అన్నదానమును అందరికిని గలదు. లింగమును తాకవచ్చిన చేయి సత్రపు మంచమును తాకరాదనుట ఏ తర్కమునకు నిలుచును? తర్కశాస్త్రము చదివినవాడనై యుండియు దీనికి హేతువు నాకు చిక్కలేదు.

చట్టము మాటయును గలదు. ప్రజలందరికొరకు ఏర్పడిన ధర్మశాలలలో అస్పృశ్యత పాటించుట 1955 నాటి చట్టముచే నేరమైనది. మాది అందరికొరకు ఏర్పడినది గాదు, మావారికొరకే యని సత్రములవారు చెప్పుదురు. ఆ వివాదమును న్యాయవాదులకు విడుచుచున్నాను. నాకు ముఖ్యమైనది ధర్మము. అద్దె పుచ్చుకొను బసలలో ఆధారుకార్డు చూపిన చాలును, గది యిత్తురు. రూకతో తెరచుకొను తలుపు పుణ్యముతో మూసికొనిపోవుట పుణ్యమునకు గౌరవము గాదు.

ఆ దినమేమైనదని మీరడుగవచ్చును. మేనేజరు కొంతసేపు ఊరకుండెను. పిదప తానే ఒక చాప, నీళ్ళబిందె తెచ్చి అరుగుమీద పెట్టెను. “గదులు కమిటీవి. అరుగు మాత్రం వచ్చేపోయేవాళ్ళది గదా అయ్యవారూ!” అనెను. ముసలమ్మకు మజ్జిగ యిప్పించెను. మువ్వురును ఆ రాత్రి అరుగుమీదనే పండుకొనిరి. తెల్లవారినపిదప ఉప్మా వారికిని వచ్చెను. దానినిగూర్చి గుమాస్తా ఏమియు అడుగలేదు. వారు దర్శనమునకు పోవునపుడు ఆ బాలిక బిందెను కడిగి బోర్లించి పోయెను.

అరుగు! తెలుగువాడు ఇల్లు కట్టుకొనునపుడు తలుపునకు వెలుపల ఒక అరుగు కట్టుటను మరవలేదు. ఇల్లు తనది, అరుగు దారినపోవువానిది. ఎండకు, వానకు, అలసటకు ఆ అరుగు ఎవరినైనను కూర్చుండనిచ్చినది. నేడు పట్టణములలో అరుగులు పోయినవి. సత్రములలో నిలిచియున్నవి. నేను కోరునది ఆ అరుగును కొంచెము లోనికి పెంచుడని మాత్రమే.

అందులకు నా మనవి యిది. సత్రము స్థాపించినవారి పేర్లను తుడువనక్కరలేదు. ఆ శిలాఫలకములు అట్లే యుండవలయును. సంఘమువారికి మొదటి హక్కును ఉండనిండు. కాని చీకటి పడినపిదప ఖాళీగా మిగిలిన గదిని, వచ్చినవాడెవడైనను, ఒక్కరాత్రికి ఇయ్యవలయును. ఒక్కరాత్రి చాలును. అతిథికి శాస్త్రము పెట్టిన మితియును అదియే. ఉదయపు ఫలాహారపుబంతిలో ప్రశ్న లుండరాదు. ఇందువలన సత్రమునకు వచ్చు నష్టము కొన్ని గరిటెల ఉప్మా మాత్రమే.

అతిథికిని ధర్మములు గలవు. వేసవిని కొండమీద నీరు బంగారము. కుండెడు చాలుచోట బిందెడు పారబోయరాదు. తినిన యాకు తానే తీయవలయును. ప్లాస్టికు సంచులను, సీసాలను పులులు జింకలు తిరుగు అడవిలో విసరుట తాను బసచేసిన యింటిలో ఉమియుటతో సమానము. చేతనైనవాడు ఒక పూట వడ్డింపవలయును. అట్లు చేసినప్పుడే అతడును యజమానుడగును, ఆ యిల్లు నిజముగా సత్త్రమగును.

నా మాటలు వినుచున్నవారిలో అనేకులు ఏదో యొక సత్రమునకు ఏటేట చందా పంపువారై యుందురు. ఈ సంవత్సరము పంపునపుడు ఆ కాగితముమీద ఒక్కవాక్యము చేర్చి పంపుడు: ‘ఖాళీగా నున్న గదిని, దీపాలు పెట్టినపిదప వచ్చినవానికి, ఎవరని యడుగక ఇండు.’ వందమంది దాత లట్లు వ్రాసినచో, కమిటీవారికి ఏమి చెప్పవలయునో మేనేజరునకు తెలియును.

సెలవు.